అక్క వచ్చిన తలుపు

సలాలాలో ఖరీఫ్ మొదలైన వారం అది.
కొండ మీంచి మంచు దిగి
రోడ్డు పక్క కొబ్బరిబొండాల బడ్డీల్ని కప్పేసింది.
మా రాజోలే అనుకుంటాను ప్రతి ఏడూ,
బొండాలవాడు మలయాళంలో ధర చెప్పేదాకా.

ఏడు వారాలు.
స్కానింగ్ గదిలో షీబ సిస్టర్
మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయింది.
ఆ ఆగడం నాకు తెలుసు.
గుడ్డ తప్పు కోసినప్పుడు
మా కుట్టుషాపులో అందరం ఇలాగే ఆగుతాం.

డాక్టర్ తుఫూల్ కాగితం మీద
బోర్లించిన జామకాయ లాంటిది గీసింది.
కింద, మెడ దగ్గర, అడ్డంగా చిన్న గీత.
"ఇది నీ పాత కుట్టు."
గీత మీద చుక్క పెట్టింది.
"ఇది ఇక్కడ కూర్చుంది."

ట్యూబులో కాదట. సంచి బయటా కాదట.
ఇంట్లోనే ఉంది,
గదిలో కాదు, గోడలో.
పెరిగితే గోడ చీలుతుంది, నెత్తురు ఆగదు,
సంచి తీసేయాల్సి రావచ్చు, నువ్వే ఒకవేళ
అని ఆగి, ఇంగ్లీషు వదిలేసి
అరబ్బీలో ఏదో తనలో తను అనుకుంది.

నేనడిగింది ఒకటే.
గుండె కొట్టుకుంటోందా?
ఆవిడ అబద్ధం చెప్పలేదు.

ఏసోబు పోర్టు నించి ఇనపముక్కు బూట్లతోనే వచ్చాడు.
"కాస్త జరిపి లోపల పెట్టలేరా?" అన్నాడు.
రేవులో క్రేనుకి జరగనిదేదీ లేదు మరి.
ఎవరూ నవ్వలేదు.
సంతకంలో
తన పేరులోనే ఒక అక్షరం మర్చిపోయాడు.

అమ్మ ఫోనులో చాలాసేపు ఏమీ అనలేదు.
"గోడ పగుల్లో రావిమొక్క మొలిస్తే
రెండాకులప్పుడే పీకెయ్యాలే," అంది తర్వాత.
"మీ నాన్న పారెయ్యలేక
పాలడబ్బాలో నాటాడు, గుర్తుందా?"
అని, నాలిక కరుచుకుంది.

తెర మీద చూస్తూ సన్నటి సూది దించారు.
ఆ తర్వాత వారం వారం రక్తం.
ఇరవై రెండు వేలు. తొమ్మిది వేలు.
ఆరువందలు. నలభై.
పిల్లల బరువు కార్డులో అంకెలు పెరుగుతాయి.
నా చీటీలో తగ్గుతుంటే
"మంచిది, మంచిది" అనేది షీబ సిస్టర్.
రెండుకి దిగిన రోజు మంచు విడిపోయి
కొండ మీద ఒంటెలు కనిపించాయి.

నన్నెవరూ తప్పు పట్టలేదు, నేనే పట్టుకున్నాను.
అర్ధరాత్రి, రాజోలు ఆసుపత్రిలో,
కెజియాని కోసి తీశారు.
అది బతికింది, నేను బతికాను.
ఎంత మంచి కుట్టో అనుకునేదాన్ని
నీళ్ళు పోసుకుంటూ వేలితో తడిమి.
అక్క వచ్చిన తలుపు దగ్గరే
కూర్చుందేమో రెండోది,
ఎవరైనా తీస్తారని.

మళ్ళీ వస్తే?
"మామూలుగానే ఉండొచ్చు, చాలామందికి ఉంటుంది.
మళ్ళీ అక్కడే కూర్చోవచ్చు కూడా.
నెల తప్పగానే రా. వారాలు లెక్కపెట్టుకుంటూ ఆగకు.
సంతోషపడే ముందే ఇక్కడికి రా."
ఆ చివరి మాటకి
ఆవిడే తల దించుకుంది.

ఈ నెల తారీఖు మూడు రోజులు దాటింది.
ఏసోబు అడగడు. నేను చెప్పలేదు.
షాపులో నల్ల మఖమల్ అబూ ధైల్ కుడుతున్నాను,
వెనక తోక నేల మీద ఈడ్చుకుపోయే గౌను,
అంచు ఎంతకీ తెగదు.

నిన్న కెజియా స్కూలు గౌను పొట్టిదైందని
లోపలి మడత విప్పాను.
ఎదిగే పిల్లలకి వదులుతాం కదా, అది.
దారం వచ్చేసింది గానీ
సూది దిగిన చిల్లులు వరసగా ఉండిపోయాయి.
నీళ్ళు చల్లి ఇస్త్రీ చేశాను. మళ్ళీ చేశాను.
"దూరం నించి కనబడదులే అమ్మా"
అని తొడుక్కుని
బస్సు హారన్‌కి పరిగెత్తింది.